సాయానికి ముందు పలకరింపు

సంఘ పెద్దలకు, పాస్టర్లకు, స్త్రీల సమాజం వారికి, యవ్వనస్థులకు ప్రభువు నామంలో వందనాలు.

సూటిగా ఒక మాట అడుగుతాను. మందిరం గేటు దాటి బయటికి వెళ్తే మొదట వచ్చే పది ఇళ్లలో ఎవరెవరు ఉంటున్నారో మనలో ఎంతమందికి తెలుసు? మంచం పట్టిన పెద్దాయన ఏ ఇంట్లో ఉన్నాడు? ఈమధ్య బడి మానేసిన పిల్ల ఎవరి పిల్ల? రాత్రి షిఫ్టుకి వెళ్లే తల్లి పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్తోంది? ఇవేవీ తెలియకుండా ఆ వీధికి మనం చేసే సేవ ఊహ మీద నడుస్తున్నట్టే.

సేవ చేయాలన్న మనసు మన సంఘాల్లో తక్కువేం కాదు. దుప్పట్లు పంచుతాం, మెడికల్ క్యాంపులు పెడతాం, పుస్తకాలు ఇస్తాం. అయితే ఏం చేయాలన్నది ఎక్కడ తేలుతోంది? కమిటీ మీటింగులో. నిరుడు చేసిందే ఈ ఏడూ చేద్దామంటారు, అందరూ సరేనంటారు. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లు మాత్రం ఆ గదిలో ఉండరు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీయండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను రోజూ జరిగే పంపిణీలో పట్టించుకోవడం లేదని సణుగు పుట్టింది. ఇంత చేస్తుంటే ఇంకా ఫిర్యాదులా అని అపొస్తలులు విసుక్కోలేదు. ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వర్గం నుంచే వీళ్లు వచ్చి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే బాధ్యత అప్పగించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

చరిత్రలో నాకు చాలా ఇష్టమైన పాదిరి ఒకాయన ఉన్నాడు, హెన్రీ వైట్‌హెడ్. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న చేతిపంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే డాక్టరు చెప్పాడు. అక్కడి సెయింట్ లూక్స్ చర్చిలో సహాయ పాదిరిగా ఉన్న వైట్‌హెడ్ ఆ మాట నమ్మలేదు. తప్పని రుజువు చేద్దామనే ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఇళ్లేమీ ఆయనకి కొత్త కాదు. రోగం ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆ మంచాల పక్కనే కూర్చున్నాడు. ఎవరు ఆ నీళ్లు తాగారు, ఎవరు తాగలేదు, ఎవరు ఏ రోజు పడిపోయారు అని ఒకే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి అడిగాడు. తిరిగేకొద్దీ డాక్టరు మాటే నిజమని తేలింది. ఒప్పుకున్నాడు, అక్కడితో ఆగలేదు కూడా. 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాపకి అందరికంటే ముందే విరేచనాలు పట్టుకున్నాయని, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపుకి పక్కనే ఉన్న మురుగు గుంటలో పోశారని కనిపెట్టాడు. తవ్వి చూస్తే గుంట ఇటుకలు పాడైపోయి, మురుగు బావిలోకి ఊరుతోందని బయటపడింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని ఆ గుడ్డల సంగతి అడగాలంటే, అంతకుముందే ఆ ఇంటి గడప తొక్కి ఉండాలి కదా!

ఆయన ఒక అభిప్రాయంతో బయల్దేరాడు, విన్నాక దాన్ని మార్చుకున్నాడు. మన పలకరింపులో కూడా అలా అభిప్రాయం మార్చుకునే ఖాళీ ఉండాలి. ముందే నిర్ణయించుకుని వెళ్లి సంతకాలు తీసుకొచ్చినట్టు ఉండకూడదు.

మొదటిసారి వెళ్లినప్పుడు కరపత్రాలు పట్టుకెళ్లకండి, ఇద్దరిద్దరుగా వెళ్లండి చాలు. "ఇక్కడ మీకు బాగా కష్టంగా ఉన్నదేంటి?" అని అడగండి. "ఏదైనా ఇబ్బంది వస్తే ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తుతారు?" అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్న చాలా విలువైనది. అప్పటికే ఆ వీధిని మోస్తున్నవాళ్లు ఎవరో దాంతో తెలుస్తుంది. ఒక టీచరమ్మ కావచ్చు, నర్సు కావచ్చు, వేరే మతం వాళ్లు నడిపే సంస్థ కావచ్చు. వాళ్లు చేస్తున్న పనికి పోటీగా ఇంకోటి మొదలుపెట్టడం కన్నా వెళ్లి వాళ్లకి చేయూతనివ్వడం మేలు. మన గురించి కూడా వినాల్సి రావచ్చు. పరీక్షల రోజుల్లో మీ స్పీకర్ల వల్ల పిల్లలు చదువుకోలేకపోతున్నారండీ అని ఎవరైనా అంటే, అది మనకి అందిన మొదటి సేవావకాశం. ఆ వారమే సౌండ్ తగ్గించండి. మిగతా మాటలు ఆ తర్వాత నమ్ముతారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇళ్లలో విన్న సంగతులు ప్రార్థన మనవుల పేరుతో పేర్లతో సహా బయటికి రాకూడదు. "ఫలానా వాళ్ల అబ్బాయి తాగుడు మానాలని ప్రార్థిద్దాం" అని మైకులో అంటే, ఆ తల్లి ఇంకోసారి తలుపు తీయదు. పేరు చెప్పకపోయినా దేవుడికి తెలుసు.

అందరికీ పెద్ద పెద్ద వరాలు ఉండక్కర్లేదు. 1953లో లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో చాడ్ వారా అనే పాదిరి, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ఫోన్ పెట్టాడు. సాయానికి వచ్చిన వాలంటీర్లు, ఆయన్ని కలవడానికి వచ్చి ఎదురుచూసేవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడుతుండేవాళ్లు. అలా మనసు విప్పుకున్నాక చాలామందికి ఇక ఆయన్ని కలవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆయన అది గమనించి 1954లో ఆ పని వాలంటీర్లకే అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. మన సంఘంలో కూడా ఓపిగ్గా వినే అక్కలు, పెద్దమ్మలు లేరా? వాళ్లని మనం ఎప్పుడైనా స్టేజీ మీదికి పిలిచామా?

సాయం తీసుకున్నవాళ్లు ఆదివారం ఆరాధనకి వచ్చారా లేదా అని లెక్క చూడకండి, దయచేసి. అలా చూస్తే మనం ఇచ్చింది సాయం కాదు, ఎర. యేసు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే తిరిగి వచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది ఏమయ్యారని ఆయన అడిగాడు గానీ వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకోలేదు. పంచుతూ ఫోటోలు తీయడం కూడా మానేద్దాం. తీసుకునేవాళ్ల ముఖం మన రిపోర్టు కోసం కాదు.

విన్నవాటిలో మనవల్ల కానివి చాలా ఉంటాయి. ఆ ఇంటికి తిరిగి వెళ్లి "ఇది మావల్ల కాదండీ, ఇది మాత్రం చేయగలం" అని చెప్పండి. ఆశపెట్టి కనిపించకుండా పోవడం కన్నా అది వందరెట్లు నయం.

వచ్చే కమిటీ మీటింగుకి ఈ వీధిలో ఉండేవాళ్లని, మన సభ్యులు కానివాళ్లని, ఇద్దరినైనా పిలిచి కూర్చోబెట్టండి. సేవకి ఎంత ఖర్చు పెట్టాలన్న లెక్క వాళ్లు మాట్లాడాకే మొదలుపెట్టండి.