రిమినీలో చిన్న హోటల్, మా పేరున ఒక టేబుల్

నమస్కారం అండీ. ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఈ బాల్కనీ ఇటలీలోని రిమినీ అనే ఊళ్లో, ఒక టూ స్టార్ హోటల్ మూడో అంతస్తులోది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తువ్వాళ్లు ఆరేసుకోవడానికి ఒక మడత స్టాండు. కుడి పక్కకు వంగి చూస్తే రెండు బిల్డింగుల సందులోంచి చారెడు సముద్రం కనిపిస్తుంది. అంతే. కానీ ఇటలీలో ఇన్నేళ్లుగా ఉంటున్నా, నాకు బాగా నచ్చిన మకాం ఏది అంటే ఈ బాల్కనీ ఉన్న హోటల్ పేరే చెబుతాను.

నేను బొలోన్యాలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన జూన్‌లో అమ్మా నాన్నా చీరాల నుంచి వచ్చారు. అమ్మ పుట్టి పెరిగింది వాడరేవు పక్కనే. బొలోన్యాలో సముద్రం లేదు. మూడు వారాలు గడిచేసరికి "ఉప్పు గాలి తగలక ఒళ్లు బరువుగా ఉందే" అంది. సరే అని రిమినీకి టికెట్లు తీశాను. బొలోన్యా నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంట, మామూలు రైల్లో గంటన్నర ప్రయాణం. ఐదు రాత్రులు ఉన్నాం.

వీడియో పెడుతున్నానని చెప్పగానే ఒక ఫ్రెండ్ అడిగింది. "ఇటలీ అంటే అమాల్ఫీ చూపించాలి, కాప్రీ చూపించాలి. రిమినీలో చిన్న హోటల్ ఎవరు చూస్తారు?" అని. ఆ మాటకే ఈ వీడియో జవాబు. రిమినీలో చిన్న హోటల్ అంటే డబ్బు చాలని వాళ్లు సర్దుకునే చోటు అనుకుంటే పొరపాటు. ఆ ఊరు కూలిపోయి మళ్లీ లేచి నిలబడింది ఈ చిన్న హోటళ్ల మీదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. రిమినీలో మొదటి స్నానాల కేంద్రం 1843లో తెరిచారు. సముద్ర స్నానం ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు చెప్పే రోజులవి. 1861లో రైలు వచ్చింది. 1908లో గ్రాండ్ హోటల్ వచ్చింది, ఇదిగో ఈ తెల్ల భవనం. సినిమా దర్శకుడు ఫెదెరికో ఫెల్లినీ 1920లో ఈ ఊళ్లోనే పుట్టాడు. గ్రాండ్ హోటల్ ముందున్న పార్కుకు ఇప్పుడు ఆయన పేరే. అప్పట్లో సముద్రం అంటే జమీందార్లకి, కలిగిన వాళ్లకి. మామూలు మనుషులు చేపలు పట్టుకునేవాళ్లు, లేదంటే వాళ్లవీ వీళ్లవీ బట్టలు ఉతికేవాళ్లు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1943 నవంబర్ 1న మొదటి బాంబులు పడ్డాయి. మరుసటి సెప్టెంబర్ దాకా పడుతూనే ఉన్నాయి. జర్మన్ సైన్యం కట్టుకున్న గోతిక్ లైన్ అనే రక్షణ రేఖ ఈ ఊరికి కొంచెం దక్షిణంగా, పెసారో అనే ఊరి దగ్గర సముద్రాన్ని తాకేది. 1944 సెప్టెంబర్ 21న ఊరు విముక్తి అయ్యేనాటికి నూటికి డెబ్బై ఎనభై ఇళ్లు దెబ్బతినో, కూలో ఉన్నాయి.

ఆ శిథిలాల మీద ఏం చేశారో చూడండి. ఫ్యాక్టరీ పెట్టడానికి పెట్టుబడి లేదు. ఉన్నవి ఇసుక, ఇల్లు, వంట. కాబట్టి ఉన్న ఇంట్లోనే గదులు అద్దెకిచ్చారు. వేసవి వస్తే పిల్లల్ని తీసుకుని కింద సెల్లార్లోనో గ్యారేజీలోనో పడుకుని, తమ మంచాలు అతిథులకు ఇచ్చిన కుటుంబాలు ఎన్నో. నాలుగు డబ్బులు రాగానే పైన ఒక అంతస్తు వేశారు, మళ్లీ కొన్నేళ్లకు ఇంకో అంతస్తు. 1950లు, 60లలో ఉత్తర ఇటలీ ఫ్యాక్టరీ కార్మికులు, జర్మనీ నుంచి కార్లలో వచ్చే కుటుంబాలు, అందరికీ వాళ్ల స్తోమతకు తగ్గ సముద్రం ఇక్కడ దొరికింది. ఇలాంటి చోట్లను పెన్సియోనే అంటారు. బస, భోజనం కలిపి ఒకే లెక్క.

ఈ రొమాన్యా ప్రాంతపు యాసలో ఒక మాట ఉంది: అజ్‌దోరా. ఇల్లు నడిపే ఇల్లాలు అని. వంట, డబ్బు, తాళాలు అన్నీ ఆవిడ చేతిలోనే. ఆ పెన్సియోనేలు నిలబడింది ఈ అజ్‌దోరాల రెక్కల కష్టంతో. మేమున్న హోటల్ ఓనరమ్మకి డెబ్బై దాటాయి. అత్తగారి నుంచి వంటగది ఆవిడ చేతికొచ్చింది. కొడుకు రిసెప్షన్ చూస్తాడు, కోడలు డైనింగ్ హాలు చూస్తుంది. మొదటి రోజు పొద్దున్నే ఆవిడ బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంటే అమ్మ వెళ్లి పక్కన కూర్చుని తనూ మొదలుపెట్టింది. అమ్మకి ఇటాలియన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ "అక్కా" అని పిలిచింది. ఆవిడకి ఆ పిలుపు ఎలా అర్థమైందో గానీ, ఆ మధ్యాహ్నం నుంచి అమ్మ కనిపిస్తే తనూ "అక్కా" అనడం మొదలుపెట్టింది.

ఇప్పుడు గది చూపిస్తాను. చిన్నది. రెండు మంచాలు, నాకోసం వేసిన మడత మంచం, ఒక అలమర. ఏసీ ఉంది కానీ కొన్ని హోటళ్లలో దానికి విడిగా డబ్బు తీసుకుంటారు, బుక్ చేసేముందే అడగండి. లిఫ్టులో ఇద్దరు పడతారు. పెద్దవాళ్లను తీసుకొస్తుంటే అసలు లిఫ్ట్ ఉందా అని కనుక్కోవాలి, అన్నిచోట్లా ఉండదు. బాత్‌రూమ్‌లో ఇది బిడే, అంటే నీళ్లతో కడుక్కునే బేసిన్. ఇటలీలో ఇళ్ల బాత్‌రూముల్లో ఇది ఉండాలని 1975లోనే రూల్ పెట్టారు. యూరప్‌లో తిరిగే మన వాళ్లకి నీళ్ల విషయంలో ఎంత ఇబ్బందో మీకు తెలుసు. నాన్న దీన్ని చూసి నిజంగా సంతోషించారు.

గది తాళానికి ఇంత బరువు ఇత్తడి బిళ్ల. బయటికి వెళ్లేటప్పుడు రిసెప్షన్లో ఇచ్చి వెళ్లాలి. దిగగానే పాస్‌పోర్టులు అడుగుతారు, కంగారు పడకండి. అతిథుల వివరాలు 24 గంటల్లోపు పోలీసులకు పంపాలని ఇక్కడ చట్టం. ఇంకోటి, ఊరి పన్ను. మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని, గది అద్దె కాకుండా విడిగా కట్టాలి. హోటల్ స్టార్లను బట్టి పెరుగుతుంది.

ఇక భోజనం. ఇక్కడ నన్ను కాసేపు ఆగనివ్వండి, ఎందుకంటే ఈ హోటళ్ల ప్రాణం ఇక్కడే ఉంది. మేం తీసుకున్నది మెద్జా పెన్సియోనే, అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం. మనిషికి రోజుకు 60 యూరోలు పడింది, గదితో కలిపి. మధ్యాహ్నం కూడా కావాలంటే పెన్సియోనే కొంప్లేతా. దిగిన రోజు ఒక టేబుల్ చూపిస్తారు. వెళ్లేదాకా అది మీదే. మాది కిటికీ పక్కన, ఏడో నంబరు. తాగగా మిగిలిన నీళ్ల సీసా మీద గది నంబరు రాసి దాచి, మర్నాడు మళ్లీ అక్కడే పెడతారు. పొద్దున టిఫిను దగ్గర ఒక చీటీ ఇస్తారు, రాత్రికి ఏం కావాలో టిక్కు పెట్టాలి. ఏడున్నరకి వడ్డన. ఎనిమిదిన్నరకి వస్తానంటే కుదరదు. వాళ్లు ఎంతమంది తింటారో లెక్క చూసి వండుతారు, వృథా తక్కువ, అందుకే ఆ ధరకి ఆ భోజనం పెట్టగలుగుతున్నారు.

అమ్మ శాకాహారి, గుడ్డు మాత్రం తింటుంది. ఆ తరహా వాళ్లు వింటున్నట్లయితే ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ప్రసిద్ధి పియాదీనా, మన చపాతీ కంటే మందంగా ఉండే గోధుమ రొట్టె. చూడ్డానికి శుద్ధ శాకాహారంలా ఉంటుంది. కానీ సంప్రదాయ పద్ధతిలో పిండిలో స్త్రుత్తో కలుపుతారు, అంటే పంది కొవ్వు. "సెంజా స్త్రుత్తో" అని అడగాలి, అంటే ఆ కొవ్వు లేకుండా అని. ఆలివ్ నూనెతో చేసినవి చాలాచోట్ల దొరుకుతాయి. అలాగే పస్సతేల్లీ అని, రొట్టె పొడి, పర్మేసాన్ చీజ్, గుడ్లు కలిపి వత్తిన లావు సేమియాలాంటిది ఉంటుంది. కానీ అది ఉడికేది మాంసం రసంలో. ఆ పర్మేసాన్ చీజ్‌లోనూ పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. ఇవన్నీ పట్టించుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. తెలిశాక నిర్ణయించుకోవడం మంచిదని చెబుతున్నాను.

ఓనరమ్మకి నేను మొదటి రోజే విడమరిచి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది, "గుడ్డు పరవాలేదా?" అని. తర్వాత ఐదు రోజులూ అమ్మకి ఏ రోజూ వట్టి సలాడ్ పెట్టి సరిపెట్టలేదు. ఒకరోజు స్ట్రొజ్జాప్రేతి, ఇది గుడ్డు లేకుండా ఉత్త పిండీ నీళ్లతో చేసే పాస్తా, టమాటా సాస్‌లో. ఒకరోజు వంకాయ, ఇంకోరోజు రొట్టె పొడి నింపి కాల్చిన టమాటాలు, గుమ్మడికాయలు. నాన్నకీ నాకూ చిన్న చేపల వేపుడు. మెత్తళ్ల వేపుడు తిన్నట్టే ఉందన్నారు నాన్న.

ఇంత మంచి చెప్పాను కాబట్టి ఒక చేదు అనుభవమూ చెప్పాలి. రెండేళ్ల కిందట ఇదే ఊళ్లో ఇంకో హోటల్‌లో దిగాను, పేరు చెప్పను. ఫొటోల్లో అంతా సముద్రమే. తీరా చూస్తే హోటల్ రైలు పట్టాల అవతల ఉంది. రాత్రంతా గూడ్సు బండ్లు, బీచ్‌కి సబ్‌వే దిగి ఎక్కి ఇరవై నిమిషాల నడక. అప్పటినుంచి మ్యాపులో మొదట పట్టాలు ఎక్కడున్నాయో చూస్తాను. ఇక్కడ పట్టాలు ఒడ్డుకు సమాంతరంగా పోతాయి. ఊరివాళ్లు దిక్కులు కూడా అలాగే చెబుతారు, "లాతో మారె" అంటే సముద్రం వైపు, "లాతో మొంతె" అంటే కొండ వైపు. మీకు కావాల్సింది లాతో మారె.

ఇప్పుడు బీచ్. దాదాపు 15 కిలోమీటర్ల ఇసుక. దాన్ని బాన్యో అనే కేంద్రాలుగా పంచారు. ఓడరేవు దగ్గర 1తో మొదలై దక్షిణంగా 150 దాకా నంబర్లు. ఒక్కో బాన్యోది ఒక్కో రంగు గొడుగు, వరుసలు గీత గీసినట్టు. చాలా హోటళ్లకి ఏదో ఒక బాన్యోతో ఒప్పందం ఉంటుంది. మాకు గొడుగు, రెండు పడక కుర్చీలు రోజుకు 20 యూరోలు, మూడో కుర్చీ వాళ్లే తెచ్చి వేశారు. ముందు వరుసలు ఖరీదు. అమ్మకి ఇది మొదట మింగుడు పడలేదు. "సముద్రానికి అద్దె ఏంట్రా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఇటలీలో కూడా ఇది పెద్ద గొడవ. ఇసుక ప్రభుత్వానిది, వాడుకునే హక్కు మాత్రం ఏళ్ల తరబడి కొన్ని కుటుంబాల చేతుల్లో ఉంది. వేలం వేయాలని యూరోపియన్ యూనియన్ ఎప్పటినుంచో పట్టుబడుతోంది. 2024లో కుదిరిన రాజీ ప్రకారం పాత హక్కులను 2027 సెప్టెంబర్ దాకా పొడిగించారు. ఏదేమైనా నీటి అంచు వెంబడి నడవడం, నీళ్లలో దిగడం అందరి హక్కు, డబ్బు కట్టనక్కర్లేదు. సొంత చాప పరుచుకునే ఉచిత బీచ్‌లు కూడా ఉన్నాయి, స్పియాజ్జా లీబెరా అన్న బోర్డు చూడండి.

నీళ్లు ఎలా ఉంటాయి? నీలంగా, అద్దంలా ఉండవు. అలాంటివి కావాలంటే సార్దీన్యా దీవికి వెళ్లండి. ఇక్కడ అడుగంతా మెత్తటి ఇసుక, చాలా దూరం నడిచినా నడుము లోతే. పిల్లలకీ, ఈత రాని వాళ్లకీ ఇంతకంటే నెమ్మదైన సముద్రం నేను చూడలేదు. ఎర్ర జెండా ఎగిరితే మాత్రం దిగకండి. 1989 వేసవిలో ఈ తీరమంతా నాచు జిగురుతో నిండిపోయి, బుక్ చేసుకున్న వాళ్లు రావడం మానేశారు. చిన్న హోటళ్లకి అది యుద్ధం తర్వాత అంతటి దెబ్బ. ఆ ఏడాది సంగతి చెబుతున్నప్పుడు ఓనరమ్మ చేతులు కాసేపు ఆగిపోయాయి.

నాలుగో రోజు నాన్న ఒక కోరిక కోరారు. ఆయన రిటైర్డ్ సోషల్ మాస్టారు. పక్కనే ఉన్న చిన్న దేశం సాన్ మరీనోకి వెళ్లే రోడ్డు పక్కన గూర్ఖా యుద్ధ శ్మశానం ఉంది, అక్కడికి వెళ్లాలన్నారు. 600 మందికి పైగా సైనికుల సమాధులు, ఎక్కువమంది మన బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసిన వాళ్లు. దహనం చేసిన వాళ్ల పేర్లు విడిగా ఒక స్మారకం మీద చెక్కారు. సాన్ మరీనో పోరాటంలో ప్రాణం ఇచ్చి, బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన షేర్ బహదూర్ థాపా సమాధి కూడా ఇక్కడే. గడ్డి కత్తిరించి, రాళ్లు తుడిచి ఎంత పద్ధతిగా ఉంచారో. నాన్న చెప్పులు విడిచి, ఒక్కో పేరూ పైకి చదువుతూ నడిచారు. ఆ భాగం నేను వీడియో తీయలేదు.

ఎప్పుడు వెళ్లాలి అంటే, జూన్ మొదటి సగం గానీ సెప్టెంబర్ మొదటి రెండు వారాలు గానీ. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగ, ఇటలీ అంతా సెలవే. ఆ వారం రేట్లు రెట్టింపు దాకా పోతాయి, వారానికి తక్కువ గది ఇవ్వరు. అక్టోబర్ నుంచి ఈస్టర్ వరకు ఈ చిన్న హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి. ఒడ్డు వెంబడి తిరగడానికి 11వ నంబరు బస్సు, స్టేషన్ నుంచి పక్క ఊరు రిచ్చోనేకి మెట్రోమారె అనే కరెంటు బస్సు ఉన్నాయి, కారు అక్కర్లేదు. బుకింగ్ సైటులో చూసుకున్నా, ఒకసారి హోటల్‌కి నేరుగా ఫోన్ చేయండి. కమిషన్ పోదు కాబట్టి చాలామంది కాస్త తగ్గిస్తారు.

బయల్దేరే రోజు పొద్దున అమ్మ దుప్పట్లు మడతపెట్టి మంచం మీద ఉంచింది. వద్దన్నా వినలేదు. కిందికి దిగితే ఓనరమ్మ కాగితంలో చుట్టిన మూడు పియాదీనాలు చేతికిచ్చి, అమ్మ వైపు తిరిగి "సెంజా స్త్రుత్తో" అంది. తర్వాత సొరుగులోంచి పెద్ద డైరీ తీసింది. ఒకే కుటుంబం, ఒకే వారం, ఒకే గది, పేజీ తర్వాత పేజీ, పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. వచ్చే జూన్ రెండో వారం దగ్గర ఆపి నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. "ఏడో నంబరు టేబులే కావాలని చెప్పు" అంది అమ్మ.