చైనీస్ కిరాణా లేని ఊళ్లో మాపో తోఫు

అందరికీ నమస్తే అండీ. ముందు కౌంటర్ మీద ఏమేం పెట్టామో చూడండి. ఈ పక్కన అమెరికన్ సూపర్ మార్కెట్‌లో దొరికే సోయాపాలతో చేసిన మెత్తటి తోఫు, కిక్కోమన్ సోయా సాస్, ఎర్ర మీసో, అంటే జపాన్ వాళ్ల ఊరబెట్టిన సోయా ముద్ద. ఆ పక్కన ఎర్ర పండుమిర్చి ముద్ద, ఇండియన్, నేపాలీ స్టోర్ల నుంచి వచ్చిన తిమ్మూర్ అనే మసాలా, పటికబెల్లం. పటికబెల్లం సంగతి చివర్లో చెప్తాను. మిగతావాటితో చైనాలోని సిచువాన్ ఇళ్లలో రోజూ వండుకునే కారంకారం తోఫు కూర, మాపో తోఫు చేద్దాం. దగ్గర్లో చైనీస్ కిరాణా ఉంటే అసలు సరుకే కొనుక్కోండి, అంతకు మించింది లేదు. ఒక్క సీసా కోసం రెండు గంటలు కారు నడపాల్సిన ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం ఈ వీడియో.

ఈ కూరకి ప్రాణం దోబాన్‌జియాంగ్. సిచువాన్‌లోని చెంగ్డూ నగరం పక్కనున్న పిషియన్‌లో చేసేదానికి పేరు. బాకలా చిక్కుడు గింజలు, ఎర్ర మిర్చి, గోధుమపిండి, ఉప్పు కలిపి జాడీల్లో నెలలూ ఏళ్లూ ఊరబెడతారు. అందులోంచి కూరకి మూడు వస్తాయి: ఉప్పు, నూనెలోకి దిగే ఎర్రరంగు, ఊరిన సరుకు ఇచ్చే లోతైన రుచి. మీరేది బదులు వాడినా ఈ మూడూ రావాలి. శ్రీరాచా అనే మిర్చి సాస్ వేస్తే వెనిగర్ పులుపూ చక్కెరా వచ్చిపడతాయి. కొరియన్ మిర్చి ముద్ద గోచుజాంగ్‌లో ఊరిన రుచి ఉంది కానీ తీపి, జిగురు ఎక్కువ, బాణలికి అంటుకుంటుంది.

మన వాళ్లకి ఇంతకంటే మంచి దారి ఉంది. పండుమిర్చి 100 గ్రాములకి 10 గ్రాముల ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి, గాజు సీసాలో మూడు రోజులు ఉంచండి. సూపర్ మార్కెట్‌లో దొరికే ఎర్ర ఫ్రెస్నో మిర్చి దీనికి బాగా సరిపోతుంది. రెండు టేబుల్ స్పూన్ల దోబాన్‌జియాంగ్ బదులు ఈ ముద్ద ఒక టేబుల్ స్పూను, ఎర్ర మీసో ఒక టేబుల్ స్పూను. మిర్చి నుంచి కారం, రంగు. మీసో నుంచి ఊరిన సోయా రుచి. తెల్ల మీసో తియ్యగా ఉంటుంది, ఎర్రదే తీసుకోండి. సీసాల్లో అమ్మే పండుమిర్చి పచ్చడి మాత్రం వద్దు. అందులో చింతపండు, మెంతిపిండి, ఇంగువ ఉంటాయి. అది పడితే మాపో తోఫు పులుసుకూర అయిపోతుంది.

తర్వాత హువాజియావో, అంటే సిచువాన్ పెప్పర్. పేరులో పెప్పర్ ఉన్నా మిరియాల జాతి కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ పైతొక్క. నిమ్మజాతి చెట్లకి తెగులు తెస్తుందన్న భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా దీని దిగుమతి ఆపింది కూడా. నాలుకని తిమ్మిరెక్కించేది ఇందులోని సాన్షూల్ అనే పదార్థం. అందుకే మిరియాలు దీనికి బదులు కావు, ఘాటు వస్తుంది గానీ తిమ్మిరి రాదు. నేపాలీ తిమ్మూర్ దీని దగ్గరి చుట్టం, నిమ్మతొక్క వాసన కాస్త ఎక్కువ. ఒక టీస్పూను హువాజియావో బదులు ముప్పావు టీస్పూను చాలు. కొంకణీ వాళ్లు చేపల కూరలో వేసే తెప్పల్ కూడా ఈ జాతిదే. ఏది వాడినా లోపలి నల్ల గింజలు ఏరేయండి, పళ్ల కింద ఇసుకలా తగులుతాయి. సన్నసెగ మీద వాసన వచ్చేదాకా వేయించి, దంచి, జల్లించండి. పొడి చేసి నెలల తరబడి దాస్తే తిమ్మిరి పోయి చేదు మిగులుతుంది. ఏ పూటకి ఆ పూటే దంచుకోవాలి.

ఇక తోఫు. పనీర్ వేయకండి. మాపోలో ముక్క నోట్లో పెట్టగానే కరగాలి, పనీర్ కరగదు, రసాన్నీ అంతగా పీల్చుకోదు. మెత్తటి తోఫు 400 గ్రాములు, రెండు సెంటీమీటర్ల ముక్కలు. లీటరు నీళ్లలో రెండు టీస్పూన్ల ఉప్పు వేసి, సన్నగా కాగుతున్నప్పుడు ముక్కలు వదిలి మూడు నిమిషాలు ఉంచండి. పచ్చి చిక్కుడు వాసన పోతుంది, ముక్క కాస్త గట్టిపడి తర్వాత చితకదు. తెర్లించారంటే ఇక్కడే ముక్కలైపోతుంది.

బాణలిలో మూడు టేబుల్ స్పూన్ల నూనె, 100 గ్రాముల కీమా. సంప్రదాయంగా బీఫ్, మీకు ఏది నడిస్తే అది. శాకాహారులకి సన్నగా తరిగిన షిటాకే పుట్టగొడుగులు. తడంతా పోయి గలగలలాడేదాకా వేయించాలి, తడి ఉంటే కూర నీచు కొడుతుంది. ఇప్పుడు సెగ తగ్గించి మిర్చి ముద్ద వేసి ఒక నిమిషం. నూనె ఎర్రగా తేలడం చూశారా? అప్పుడే మీసో, అర నిమిషం మాత్రమే. రెండూ ఒకేసారి వేస్తే, మిర్చి వేగేలోపు మీసో అడుగంటి మాడుతుంది. వెల్లుల్లి, అల్లం తరిగి వేయండి. డబ్బాలోని అల్లం వెల్లుల్లి పేస్టు వేస్తే దాని నీళ్లకి చిటపటలాడి నూనె చల్లారుతుంది, ముద్ద అడుగు పడుతుంది.

250 మిల్లీలీటర్ల వేడినీళ్లు, ఒక టీస్పూను సోయా సాస్. ఉప్పు ఇప్పుడే వద్దు, మిర్చి, మీసో, సోయా మూడింటిలోనూ ఉంది. తోఫు వేసి గరిట వెనకవైపుతో నెమ్మదిగా తోయండి, కలపకండి. ఐదు నిమిషాలు సన్నసెగ. ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్ మూడు టేబుల్ స్పూన్ల చల్లనీళ్లలో కలిపి మూడు విడతలుగా పోయాలి, మధ్యలో అర నిమిషం ఉడకనివ్వాలి. ఒకేసారి పోస్తే ముందు బాగానే చిక్కబడుతుంది, ఆ తర్వాత తోఫు నీళ్లు వదిలి గిన్నెలో నీరు వేరుగా తేలుతుంది. బంగాళాదుంప స్టార్చ్ అయితే ముప్పావు వంతు చాలు. బియ్యప్పిండి, మైదా రసాన్ని మసకగా చేస్తాయి, ఈ కూరకి ఉండాల్సిన ఎర్రటి మెరుపు పోతుంది. తిమ్మూర్ పొడి, ఉల్లికాడలు చివర్లో. సోనామసూరి అన్నంతో తినండి, బాస్మతి కంటే ఇదే రసాన్ని బాగా పట్టుకుంటుంది.

కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు కూడా చూసేద్దాం. లైట్ సోయా అంటే ఉప్పు తక్కువని కాదు, రంగు తక్కువని. ఉప్పు కోసం దాన్నే వాడతారు, డార్క్ సోయా రంగు కోసం. మన మంచూరియా అలవాటుతో డార్క్ సోయా రెండు చెంచాలు గుమ్మరిస్తే వంట నల్లబడుతుంది తప్ప రుచి పెరగదు. డార్క్ సోయా లేకపోతే మామూలు సోయాలో చిటికెడు మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలపండి.

చైనీస్ వంటల్లో వేసే బియ్యపు వైన్ షావోషింగ్ బదులు, తీపి లేని షెర్రీ అదే కొలతలో. సూపర్ మార్కెట్‌లో కుకింగ్ వైన్ అని అమ్మే దాంట్లో ఉప్పు కలిపి ఉంటుంది, వంటలో ఉప్పు అంత తగ్గించాలి. మద్యం వద్దనుకుంటే మానేసి అల్లం పెంచండి. మిరిన్ అనే జపనీస్ వంట వైన్ తీపి, దాని జోలికి పోకండి.

మన నువ్వుల నూనె పచ్చి నువ్వులది, చైనీస్ వాళ్లు చివర్లో చుక్కలేసేది బాగా వేయించిన నువ్వులది. మూడు చెంచాల నువ్వులు ముదురు బంగారు రంగుకి వేయించి, దంచి, ఆరు చెంచాల మన నూనెలో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచి వడకట్టండి. ఈ నూనెతో వేపుళ్లు చేయకూడదు, వాసన ఎగిరిపోతుంది.

వాళ్ల బింగ్‌టాంగ్, మన పటికబెల్లం ఒకటే, బదులు అనే మాటే లేదు. ఎర్రగా మగ్గబెట్టే హాంగ్‌షావో వంటల్లో అరకిలో మాంసానికి 30 గ్రాములు, చెంచా నూనెలో కరిగించి తేనె రంగు రాగానే మాంసం వేసేయాలి. పొగ లేచిందా, చేదెక్కినట్టే, కడిగేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ వంటలో పడే అనాసపువ్వు, దాల్చినచెక్క మన మసాలా డబ్బాలో ఉన్నవే. గరం మసాలా మాత్రం వేయకండి, అందులోని ధనియాలు, జీలకర్ర వంటని మన కూరవైపు లాగేస్తాయి.