ఆ దిబ్బలో బంగారం లేదు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించండి.

ముట్టుకున్నదల్లా బంగారమైపోయే మిడాస్ కథ మీ అందరికీ తెలుసు. టీచరుగా ఏళ్ల తరబడి నేనూ పిల్లలకు చెప్పాను. ఒకసారి ఓ అమ్మాయి లేచి, "ఆ రాజు నిజంగా ఉన్నాడా సార్?" అంది. "లేడమ్మా, కట్టుకథ" అన్నాను. తప్పు చెప్పాను. గ్రంథాలయ వారోత్సవాలని పిలిచారు గానీ, నేను వచ్చింది ఆ తప్పు దిద్దుకోవడానికి.

మిడాస్ ఉన్నాడు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో, ఇప్పటి టర్కీలో ఫ్రిజియన్లను ఏలాడు. అస్సీరియా రాజు రెండో సర్గోన్ శాసనాల్లో కనిపించే 'మిత' ఈయనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. రాజధాని గోర్డియన్. ఎవరూ విప్పలేని ముడిని అలెగ్జాండర్ తెంచాడని చెప్పుకునే ఊరు అదే. ఆ ముడి సంగతి కాగితం మీద రాసుకొచ్చాను గానీ, వద్దు, దిబ్బ సంగతే చెప్తాను.

1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ 53 మీటర్ల ఎత్తున్న మట్టిదిబ్బలోకి సొరంగం తవ్వారు. లోపల చెక్కగది. 2,700 ఏళ్లకు పైగా అంత మట్టి బరువు మోస్తూ కూలకుండా నిలబడింది! అందులో అరవై దాటిన ఒక రాజు అస్థిపంజరం. మిడాస్ తండ్రో తాతో అయ్యుండాలంటారు.

బంగారం? ఒక్క రవ్వ లేదండీ. మళ్లీ చెప్తున్నాను, ఒక్క రవ్వ కూడా లేదు. ఉన్నవి కంచు గిన్నెలు, పెద్ద పెద్ద కాగులు, సన్నటి చెక్కపని చేసిన బల్లలు. గిన్నెల అడుగున ఎండిపోయినదాన్ని పరీక్షిస్తే ద్రాక్షసారా, బార్లీ బీరు, తేనెసారా కలిపిన పానీయం తేలింది. గొర్రె లేదా మేక మాంసం, మసూర్ పప్పు వేసి వండిన కూర తేలింది. పోయిన మనిషి కోసం జనం కలిసి తిన్న భోజనం అది. అలాంటి మనుషులు మనకు మిగిలింది దురాశ కథగానే! ఆ కథ చెప్పింది గ్రీకులు, రోమన్లు. ఫ్రిజియన్ల సొంత రాతల్లో మిగిలినవి చిన్న చిన్న శాసనాలే.

ఆ శాసనాల్లో ఒక్క మాట వినండి. కొండరాళ్ల మీద వాళ్లు చెక్కుకున్న దేవత పేరు 'మాతర్'. అమ్మ అనే అర్థం. సంస్కృతంలోని మాతృ శబ్దానికి దూరపు చుట్టం. ఈ తల్లినే గ్రీకులు సిబెలీ అన్నారు, క్రీ.పూ. 204లో రోము తెప్పించుకుంది, ఆ తర్వాత గుడి కట్టింది.

ఇక్కడ టీచర్లున్నారు. దయచేసి మిడాస్ కథ చెప్పిన రోజే ఈ గిన్నెల సంగతీ చెప్పండి. పిల్లలూ, వెళ్లేముందు లోపలున్న అట్లాస్ తీయండి. అంకారా మీద వేలు పెట్టి నైరుతికి కొంచెం జరిపితే పోలాట్లీ అనే ఊరు వస్తుంది. ఆ దిబ్బ దానికి దగ్గర్లోనే ఉంది.