బాలింత కంచంలో ఏముంది?

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా కందుకూరు దగ్గరి ఒక పల్లెలో చేసిన ప్రసంగం)

అమ్మలకూ, అత్తలకూ, అంగన్‌వాడీ అక్కయ్యలకూ నమస్కారం. ఈరోజు నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది మాత్రం వెనక వరుసలో కూర్చున్న అమ్మమ్మలతో. మేం చెప్పి వెళ్లిపోతాం. పురుటింట్లో అన్నం పెట్టేది మీరు.

పోయిన నెల పక్క ఊళ్లో ఒక బాలింతను చూడబోయాను. పురుడొచ్చి పన్నెండో రోజు. కంచంలో గుప్పెడు తెల్లటి అన్నం, కరివేపాకు కారం, దాని మీద చెంచాడు నెయ్యి. పప్పు లేదు, కూర లేదు, మజ్జిగ లేదు. పక్కన చిన్న గ్లాసులో సగానికి వేణ్ణీళ్లు. పెరట్లో మునగచెట్టు ఒత్తుగా ఉంది, కొమ్మ విరిచి మేకకు వేశారు. కొట్టంలో ఈనిన గేదె ముందు తొట్టి నిండా కుడితి, తవుడు, తెలగపిండి. ఆ అమ్మాయి తల్లి నన్ను అడిగింది, "పాలు చాలడం లేదమ్మా, డబ్బా పాలు పట్టమంటారా?" అని.

మేత తగ్గితే గేదె పాలు తగ్గిస్తుంది. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి తల్లి అలా తగ్గించదు. తిండి కొంచెం తక్కువైనా బిడ్డ చీకుతున్నంత కాలం రోజుకు ముప్పావు లీటరు పాలు ఇస్తూనే ఉంటుంది. ఆ పాలల్లో కాల్షియం రోజుకు 200 మిల్లీగ్రాముల పైనే పోతుంది. మొదటి ఆరు నెలల్లో తల్లి ఎముకల బలం నూటికి మూడు నుంచి ఐదు వంతులు తగ్గుతుంది. బిడ్డ పాలు మానేశాక మళ్లీ పుంజుకుంటుంది. ఈలోపు తిండి సరిగ్గా లేక, ఏడాది తిరక్కుండా మళ్లీ కడుపొస్తే ఆ తల్లి ఎప్పటికి కోలుకుంటుంది? "ఇద్దరు పిల్లలకే నడుం పోయింది" అనే మాట మీరంతా విన్నదే.

పాలల్లోని మాంసకృత్తులు, చక్కెర, కాల్షియం తల్లి ఏం తిన్నా పెద్దగా మారవు. కొన్నిటిని మాత్రం ఒళ్లు కాపాడలేదు. బి1, బి12, ఎ విటమిన్లు, అయోడిన్, మంచి కొవ్వులు తల్లి తింటేనే పాలల్లోకి వస్తాయి.

దీనికి మన కోస్తాలోనే ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. 1940 ప్రాంతంలో నీలగిరి కొండల్లోని కూనూరు పోషకాహార పరిశోధనశాల డైరెక్టరు డాక్టర్ ఎయిక్రాయిడ్, ఆయన తోటివారు మనకు పైనున్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి గురించి, అంటే బి1 లోపంతో వచ్చే జబ్బు గురించి పరిశోధించారు. అక్కడ ఉప్పుడు బియ్యం కాకుండా మరపట్టిన పచ్చిబియ్యం వండుకు తినేవాళ్లు. బి1 ఉండేది తవుడులో. తల్లి నడుస్తూ తిరుగుతూనే ఉంటుంది, చంటిబిడ్డకు మాత్రం ఉన్నట్టుండి గుండె ఆగిపోయేది. తల్లి పాలల్లో బి1 లేకపోవడమే కారణం. ఆ పన్నెండో రోజు కంచం చూసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. తవుడు గేదెకు పోయింది, తెల్లన్నం బాలింతకొచ్చింది, బి1 ఇచ్చే పప్పు కూడా పథ్యం పేరుతో ఆపేశారు.

నా మొదటి పురుటికి మా ఇంట్లోనూ నీళ్లు కొలిచి ఇచ్చారు, పొట్ట పెరుగుతుందని. బిడ్డ రొమ్ము పట్టగానే నాలుక పిడచకట్టుకుపోయేది. స్నానాల గదిలో కాగులోంచి చెంబుతో ముంచుకుని, ఎవరికీ వినపడకుండా తాగాను. ముప్పయ్యేళ్లయినా ఆ దాహం మర్చిపోలేదు. పాలిచ్చేటప్పుడు దాహం వేయడం సహజం. వేసినప్పుడల్లా తాగనివ్వండి. నీళ్లు ఎక్కువ తాగినంత మాత్రాన పాలు పెరగవు, అదీ నిజమే. పాలు పెంచేది బిడ్డ చీకుడే. అందుకే పక్క ఊరి ఆ బాలింతకు డబ్బా పాలు వద్దని చెప్పాను. రాత్రీ పగలూ బిడ్డ అడిగినప్పుడల్లా పట్టమన్నాను, బరువు తూయించి చూసుకోమన్నాను.

పప్పు తింటే బిడ్డకు గ్యాస్ వస్తుందంటారు. తల్లి పేగుల్లోని గ్యాస్ పాలల్లోకి రాదు. పెరుగు తింటే జలుబంటారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. తెల్లగడ్డల విషయంలో మాత్రం మీ మాట నాకు నచ్చుతుంది. తల్లి తింటే ఆ వాసన పాలకు వస్తుంది, ఆ పాలను బిడ్డలు ఇంకాసేపు చీకడం పరిశోధనల్లో కనబడింది.

సముద్రం ఒడ్డున పాలు పడతాయని సొరచేప పుట్టు పెడతారు. చేప పెట్టడం చాలా మంచి అలవాటు. కానీ పెద్ద సొర ఏళ్ల తరబడి చిన్న చేపలను తిని పెరుగుతుంది కాబట్టి దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, అది పాలల్లోకి వస్తుంది. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు పెట్టండి. నెత్తళ్లను ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా. మాంసం ముట్టని ఇళ్లల్లో పాలు, పెరుగు ఆపొద్దు. బి12 వాళ్లకు అక్కడే దొరుకుతుంది. చాలకపోతే డాక్టరు మాత్ర ఇస్తారు.

మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే ఇంకొక పూట భోజనం. అంగన్‌వాడీ గుడ్డు ఇంటికెళ్లాక మరిదికో మామగారికో వెళ్తోంది, నాకు తెలుసు. ఆ గుడ్డు బాలింతది. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలూ మింగించండి.

అక్కయ్యలు మునగాకు పప్పు వండి తెచ్చారు. అమ్మమ్మలూ, మీరే లేచి వడ్డించండి. ముందు ఆ స్తంభం దగ్గర బిడ్డను ఒళ్లో పెట్టుకున్న అమ్మాయికి. ఇంకొంచెం వెయ్యమ్మా, గరిటె నిండా.