మిజు యోకాన్: చల్లగా ఉంటే చలువేనా?

అందరికీ నమస్కారం. ఎండలు మండిపోతున్నాయి కదా, ఇవాళ ఒక చల్లని తీపి సంగతి చెప్తాను.

జపాన్‌లో ఎండాకాలం వచ్చిందంటే స్వీటు కొట్లలో మిజు యోకాన్ కనిపిస్తుంది. ముదురు ఎరుపు రంగులో చిన్న ముక్క. చెంచా ఆనిస్తే చాలు, దిగిపోతుంది. తెగినచోట తడి మెరుస్తుంది. నమలాల్సిన పనే లేదు.

మిజు అంటే నీళ్లు. యోకాన్ అన్న మాట తమాషాగా ఉంటుంది. దాన్ని రాసే అక్షరాలకు అర్థం గొర్రె మాంసం పులుసు! చైనా నుంచి వచ్చిన ఆ వంటకాన్ని, మాంసం ముట్టని జెన్ బౌద్ధ సన్యాసులు అజుకి గింజలతో చేసుకున్నారు. గొర్రె పేరులోనే మిగిలింది.

అజుకి మన మినుములు, పెసలు, అలసందలకు దగ్గరి చుట్టం. ఉడకబెట్టి, తొక్క తీసి, మెత్తగా చేసి చక్కెర కలుపుతారు. బొబ్బట్లు చేసేవాళ్లకు వేరే చెప్పాలా, ఇదీ పూర్ణమే. గట్టిపడటానికి వేసే కాంతెన్‌ను సముద్రపు నాచు నుంచి తీస్తారు. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అడిగితే ఇచ్చేది దాన్నే. ముందు దాన్ని నీళ్లలో బాగా మరిగించి కరిగించాలి, తర్వాతే చక్కెర, పూర్ణం. వేడివేడిగా గిన్నెలో పోస్తే పూర్ణం అడుక్కి దిగి, పైన ఉత్త జెల్లీ తేలుతుంది. నా మొదటి ప్రయత్నం అలాగే రెండంతస్తుల మేడ అయింది! గోరువెచ్చన అయ్యేదాకా కలుపుతూనే ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. నీళ్లూ, నాచూ, గింజలూ కదా, ఎంత తిన్నా ఫర్వాలేదా? చైనా గ్రాస్‌లో కేలరీలు లేనట్టే, ఉన్నదంతా దాదాపు పీచే. కానీ వేసేది చిటికెడు. తొక్కతో పాటు గింజల పీచు కొంత పోతుంది. 100 గ్రాముల మిజు యోకాన్‌లో సుమారు 170 కేలరీలు, 40 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. అందులో ఎక్కువ భాగం మనం పోసిన చక్కెరే. ప్రొటీన్ రెండున్నర గ్రాములు. కొవ్వు లేనట్టే, ఐస్‌క్రీమ్ కంటే ఇది నయం అనిపించేది అందుకే. నీళ్లు తక్కువ ఉండే గట్టి రకం యోకాన్‌లో అయితే 100 గ్రాములకు 290 దాకా కేలరీలు. మిజు యోకాన్‌లో నీళ్లు ఎక్కువ కాబట్టి తేలిక, నిలవ ఉండనిదీ అందుకే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చల్లదనం చూసి మోసపోకండి. 70 గ్రాముల ముక్కలోనే 28 గ్రాముల పిండిపదార్థాలు.

అన్నట్టు, జపాన్‌లోనే ఫుకుయి ప్రాంతం వాళ్లు దీన్ని చలికాలంలో తింటారు. కింద హీటరు, పైన దుప్పటి ఉన్న పొట్టి బల్ల కింద కాళ్లు చాపుకుని, పలుచటి పెట్టెలోంచి చెక్క గరిటెతో తీసుకుంటూ. చలువ కోసమా అని వాళ్లనే అడగాలి!