వానతో మొదలై ఎండతో ముగిసే ఏడాది ఎమ్మెస్సీ

సభకు నమస్కారం.

భూగర్భ జల నిర్వహణలో పన్నెండు నెలల ఎమ్మెస్సీ ఒకటి మన విశ్వవిద్యాలయాల్లో మొదలు కావాలన్నది ఈరోజు మీ ముందు పెడుతున్న ప్రతిపాదన. రెండేళ్ల సిలబస్‌ను సగానికి కోసి ఇమ్మని అడగడం లేదు. నీటికి తనదైన సంవత్సరం ఉంది. తొలకరితో జూన్‌లో మొదలై మే ఎండలతో ముగుస్తుంది. చదువు కూడా అలాగే నడవాలి. ప్రతి విద్యార్థీ ఆ ఏడాదంతా ఒకే ఊరి నీటిని పట్టుకుని ఉండాలి.

ముందు నిబంధనల సంగతి. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి ఏడాది పీజీ దారిని 2020 జాతీయ విద్యావిధానం తెరిచింది. జాతీయ క్రెడిట్ లెక్కలో ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు. బీటెక్, బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్ల చదువులే కాబట్టి అక్కడి నుంచి పిల్లలు వస్తారు. మూడేళ్ల బీఎస్సీ వాళ్లకు మాత్రం రెండేళ్ల పీజీయే దారి. డిగ్రీ పేరు ‘ఎమ్మెస్సీ’ అనే ఉంచాలి. యూజీసీ జాబితాలో లేని కొత్త పేరు పెడితే, ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చిన రోజున ఆ విద్యార్థి తత్సమాన పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇక అసలు విషయం. తెలంగాణలో చాలా భాగం, రాయలసీమలో పెద్ద భాగం గట్టి రాతి నేల. పైన మొరం, కింద పగుళ్లున్న రాయి. నీళ్లు ఉండేది ఆ మొరంలోను, ఆ పగుళ్లలోను. అది ఎంతో లెక్కగట్టడం వచ్చినవాడే మనకు కావాలి.

ఒక ఊరి లెక్క చూద్దాం. విస్తీర్ణం 1,000 హెక్టార్లు. మే నెలాఖరుకు, నవంబరుకు మధ్య బావుల్లో నీరు సగటున 4 మీటర్లు పైకి వచ్చింది. బంకమట్టి ఎక్కువున్న మొరానికి స్పెసిఫిక్ యీల్డ్, అంటే తడిసిన నేల ఘనపరిమాణంలో మనకు వదిలే నీటి వాటా, 1.5 శాతంగా తీసుకుంటారు. మూడూ గుణిస్తే 6 లక్షల ఘనపు మీటర్లు. బోరు కింద యాసంగి వరికి హెక్టారుకు సుమారు 12,000 ఘనపు మీటర్లు తోడతారనుకుంటే 50 హెక్టార్లు, అంటే 125 ఎకరాలు పండుతుంది. వేరుశనగకు 5,000 చాలనుకుంటే దాదాపు 300 ఎకరాలు. తాగునీటిని ముందే పక్కన పెట్టాలి. వరి మడి నుంచి మళ్లీ భూమిలోకి ఇంకే నీటిని కలుపుకోవాలి. అవి రెండూ తర్వాతి మెట్లు.

ఇదే లెక్కలో మొరాన్ని సరిగా చూడకుండా 3 శాతం వేశారనుకోండి. కాగితం మీద నీళ్లు రెట్టింపవుతాయి, 250 ఎకరాల వరికి సరిపోతాయనిపిస్తుంది. నాట్లు పడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పొట్ట దశకు వచ్చిన పైరు కింద బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. తప్పు జరిగింది ఒక్క అంకెలో. నష్టపోయింది రైతు. తరగతిలో ఈ అంకెను పట్టికలోంచి చూసి రాస్తే మార్కులు పడతాయి, కానీ ఏ పట్టిక ఏ నేలకో తెలియాలంటే పొలంలో కొత్తగా వేసే బోరు దగ్గర నిలబడి, బయటికొచ్చే మట్టిని చేత్తో పట్టి చూడాలి.

అందుకే 40 క్రెడిట్లలో 14 మాత్రమే తరగతికి: భూగర్భ జల శాస్త్రం, నేల, పంటల నీటి అవసరాలు, గణాంకాలు. 4 క్రెడిట్లు చట్టానికి, పద్దులకు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 1997 నాటి నీటి వినియోగదారుల సంఘాల చట్టం చదవనివాడు ఊళ్లో ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేడు. మిగతా 22 క్రెడిట్లు ఊరికే చెందాలి.

ఇద్దరు విద్యార్థులకు ఒక ఊరు, ఊరికి పది పరిశీలక బావులు, పదిహేను రోజులకోసారి కొలత. కొలత చిన్న పనిలా కనిపిస్తుంది, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. మోటారు ఆపిన వెంటనే కొలిస్తే మట్టం లోతుగా కనిపిస్తుంది, అది నిజమైన మట్టం కాదు. పక్క బోరు నడుస్తున్నా అంతే. కేసింగ్ (బోరులో దింపిన గొట్టం) నేలకు అరమీటరు పైన ఉంటే ఆ అరమీటరు తీసేయాలి. పై పగులు నుంచి నీరు బోరు గోడ వెంట జారుతుంటే సౌండరు (నీటిని తాకగానే మోగే కొలత టేపు) ముందే మోగుతుంది. కాబట్టి రిజిస్టరులో అంకె పక్కనే మోటారు ఎప్పుడు ఆపారో, ఎక్కడి నుంచి కొలిచారో రాయించాలి. బోరు పోత కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్ చాలు: 80 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు. వర్షమాపకాన్ని ఉదయం 8.30కే చూడాలి. హాస్టల్లో కూర్చుని రాసిన అంకెలు సులువుగా దొరికిపోతాయి. పది బావులూ ఒకేలా దిగడం నిజమైన రాతి నేలలో జరగదు.

నవంబరు కొలత పడగానే, యాసంగి విత్తనాలకు ముందు, ఈ లెక్క గ్రామసభ ముందుకు వెళ్లాలి. దీనికి మన దగ్గరే పునాది ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థల) ప్రాజెక్టులో రైతులే వాన కొలిచారు, బావులు కొలిచారు, పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అంకెలు అందరికీ కనబడేలా పెట్టారు, నిర్ణయం రైతుకు వదిలేశారు. మన విద్యార్థి నేర్చుకోవాల్సిన మర్యాద కూడా అదే. ఆ పద్ధతి తెలిసినవారిని, భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైనవారిని యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ నిబంధన కింద పిలవవచ్చు. పదిహేనేళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ అడ్డు రాదు.

పెద్ద ప్రమాదం అడ్మిషన్లలో ఉంది. పీజీ కౌన్సెలింగ్ సెప్టెంబరు, అక్టోబరు దాకా సాగితే వానాకాలం పోయినట్టే. మే నాటి మట్టం లేకుండా నవంబరు మట్టం ఉన్నా పెరుగుదల తెలియదు, బడ్జెట్ పుట్టదు. కాబట్టి ప్రవేశాలు మే 15కల్లా ముగియాలి, మే చివరి వారంలోనే మొదటి కొలత పడాలి. ఏ కారణం చేతనైనా అది కుదరని ఏడాది బ్యాచ్ తీసుకోకపోవడమే మంచిది.

అలా కావాలంటే ఈ అక్టోబరుకు, సిలబస్‌ను పరిశీలించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు మన సిలబస్ వెళ్లాలి. డిసెంబరులో పన్నెండు ఊళ్లు, ఇరవై నాలుగు సీట్లు ఖరారు కావాలి. ఫిబ్రవరిలో ఆ పన్నెండు పంచాయతీల అంగీకార తీర్మానాలు చేతికి రావాలి. తీర్మానం ఇవ్వని ఊరిని ఒత్తిడి చేయకుండా వదిలేసి పక్క ఊరిని అడగాలి.