యాంకర్ మీ పుస్తకం చదవలేదు, అయినా మాట్లాడాలి

అందరికీ నమస్కారం. మీలో చాలామంది మొదటి పుస్తకం డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో అందాలని ప్రెస్సు చుట్టూ తిరుగుతున్నారు. మన దగ్గర రచయిత ముందు మైకు పెట్టేది ఎక్కువగా ఆ రోజుల్లోనే, కాబట్టి ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో సూటిగా చెప్తాను.

మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే మనిషి చాలాసార్లు మీ పుస్తకం చదివి ఉండరు. నొచ్చుకోకండి. పొద్దున అసెంబ్లీ, మధ్యాహ్నం సినిమా ప్రెస్ మీట్ చూసుకుని సాయంత్రం మీ దగ్గరికొచ్చే అమ్మాయి మూడొందల పేజీలు ఎప్పుడు చదువుతుంది? ముందురోజే వాట్సాప్‌లో ఒక్క పేజీ పంపండి. కథ ఎక్కడ జరుగుతుంది, ఎందుకు రాశారు, అడగదగ్గ నాలుగైదు ప్రశ్నలు, ధర, ఎక్కడ దొరుకుతుంది, అంతే. చాలామంది ఆ ప్రశ్నలే అడుగుతారు, సంతోషంగా అడుగుతారు.

ఇక జవాబు. మీ నవల చీరాల నేతపనివాళ్ల మీద అనుకుందాం. "అట్టడుగు వర్గాల జీవన సంఘర్షణకు అద్దం పట్టే రచన" అంటే చూసేవాళ్లకి ఏమీ కనపడదు, వేలు పక్క వీడియో మీదకి పోతుంది. అదే, "వాన పడితే మగ్గం గుంటలోకి నీళ్లొస్తాయండీ, గుంట ఆరేదాకా పని లేదు, కూలి లేదు, ఆ పది రోజులు ఒక ఇంట్లో ఏం జరిగిందన్నదే నా నవల" అనండి. ఆగి వింటారు. మీరు మాట్లాడుతున్నది యాంకర్‌తో కాదు, మీ పేరు కూడా వినని ఆ మనిషితో.

యూట్యూబ్ వాళ్లతో మాత్రం జాగ్రత్త. గంటన్నర పుస్తకం గురించి మాట్లాడించి, మీరు అలిసిపోయాక, ఫలానా రచయితకి అవార్డు ఎలా వచ్చిందంటారు అని మెల్లగా అడుగుతారు. మీరు నవ్వి అన్న ఒక్క ముక్క రేపు థంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాల్లో ఉంటుంది, నవల పేరు ఎక్కడా ఉండదు. "దాని గురించి ఇవాళ మాట్లాడనండీ" అని ఒకసారి చెప్పి, మళ్లీ అడిగితే అదే మాట, అదే గొంతుతో చెప్పండి. కాలర్ మైకు తీసేదాకా ఏదీ ఆఫ్ ది రికార్డ్ కాదు.

ఆడవాళ్లకి ఇంకో బెడద. "ఇది మీ సొంత కథేనా? మీవారు ఏమన్నారు?" మగ రచయితని ఎవరూ అడగని ఈ ప్రశ్న నాకు నిజంగా ఒళ్లు మండిస్తుంది. మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. "ఇది నవల, చాలామందిని చూసి రాశాను" అని, వెంటనే పుస్తకంలోని ఒక పాత్ర దగ్గరికి వెళ్లిపోండి. అక్కడ మీరు అనే మాట మీ ఊళ్లో, మీ అత్తగారింట్లో కూడా వింటారు, పాత్రల వెనకున్న మనుషులూ వింటారు.

పత్రిక వాళ్లు ఫోన్లో మాట్లాడితే, రాసింది మొత్తం చూపించమని పట్టుబట్టకండి, అది వాళ్ల పని. మీ మాటలుగా వేసే వాక్యాలు, పేర్లు, సంవత్సరాలు ఒకసారి చదివి వినిపించమంటే మాత్రం చాలామంది కాదనరు.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు యాంకర్, పుస్తకం చదవలేదు. మొదటి ప్రశ్న: "మీ పుస్తకం గురించి చెప్పండి."